ఆరోగ్యశ్రీ పథకము

నిరుపేద కుటుంబమునకు మహావ్యాధి సంభవించినపుడు ఆసుపత్రి వ్యయమును ప్రభుత్వమే భరించు నిమిత్తము ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో నెలకొల్పబడిన ఆరోగ్య బీమా పథకము.

పూర్వరంగము: 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టము కర్మాగార కార్మికులకును, 1954లో ఏర్పడిన సి.జి.హెచ్.ఎస్. కేంద్ర ప్రభుత్వోద్యోగులకును రక్షణ కల్పించినవి గాని, కూలినాలి చేసికొను జనబాహుళ్యమునకు అర్ధశతాబ్ది కాలము ధర్మాసుపత్రియే దిక్కయ్యెను. అచ్చట జరుగని ఆపరేషను అవసరమైనచో అరయెకరము తాకట్టు పెట్టుటయో, ఇల్లాలి పుస్తెలు కుదువబెట్టుటయో, అదియు చాలనపుడు సిఫారసు సంపాదించి ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొనుటయో తప్ప గత్యంతరము లేకుండెను.

స్థాపన: స్వయముగా వైద్యుడగు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము 2007 ఏప్రిల్ 1న అనంతపురము, మహబూబ్‌నగర్, శ్రీకాకుళము అను మూడు వెనుకబడిన జిల్లాలలో దీనిని ప్రారంభించెను. ఆ డిసెంబరున ఉభయ గోదావరులు, నల్లగొండ, రంగారెడ్డి, చిత్తూరు జిల్లాలకును, 2008 నాటికి రాష్ట్రమందలి 23 జిల్లాలకును ఇది విస్తరించెను. తొలుత స్టార్ హెల్త్ సంస్థ బీమాదారుగా నుండగా ప్రీమియమును సర్కారే చెల్లించెను. 2008 జులైలో వచ్చిన రెండవ విభాగమున పథకమును నడుపు ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు సొమ్ము చెల్లించు పద్ధతి యేర్పడెను. కుటుంబమునకు ఏటికి 1.5 లక్షల రూపాయలు, అది చాలనిచో మరి 50 వేలు నాటి పరిమితి.

విధానము: అర్హత కార్డు చేతబట్టుకొని వచ్చిన రోగిని, పథకమున చేరిన నెట్‌వర్కు ఆసుపత్రి గుమ్మమున ఆరోగ్యమిత్ర యను సహాయకుడు కలిసికొని, కాగితములు వ్రాసి, ట్రస్టు వైద్యుల అనుమతి తెప్పించును. గుండె, మూత్రపిండములు, క్యాన్సరు, కాలిన గాయములు మొదలగు వానికి చికిత్సయే గాక, రోగికి భోజనమును, తిరుగు ప్రయాణమునకు బస్సు ఛార్జీయు లభించును. పుట్టుచెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు అమర్చుట ఇందలి ప్రశంసనీయమగు అంశము. నిన్నటి అర్జీ నేడు హక్కుగా మారుటయే ఈ సంస్కరణ సారము.

విమర్శలు: ధనములో అధికభాగము ప్రైవేటు ఆసుపత్రులకు చేరుచున్నదనియు, ధర్మాసుపత్రులు క్షీణించుచున్నవనియు ఆక్షేపణలు వచ్చెను. అనవసరముగా గర్భసంచులు తొలగించుచున్నారను ఆరోపణలపై, ఆ శస్త్రచికిత్స మొదలగు కొన్ని చికిత్సలు ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేయబడెను.

అనంతర చరిత్ర: 2014 విభజనానంతరము తెలంగాణమున పాత పేరే నిలువగా, ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవయనియు, వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీయనియు ప్రభుత్వముతోపాటు నామము మారెను. 2018లో కేంద్రము ఆయుష్మాన్ భారత్ క్రింద 5 లక్షల రక్షణ ప్రకటించెను. 2023 డిసెంబరున ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణమున 10 లక్షలకును, ఆంధ్రమున 25 లక్షలకును పెరిగెను. అయినను బకాయిలు పేరుకొనినపుడు ఆసుపత్రులు సేవలు నిలిపివేయుట ఉభయ రాష్ట్రములందును జరిగినది. రోగికి తోడుండువారు పోగొట్టుకొను దినకూలికి ఈ పథకమున పరిహారము లేదు. పరిమితి ఎంత పెంచినను ఆ భారము కుటుంబమే వహింపవలసి యున్నది.