ఔవర్‌కెర్క్: ఆఖరి గండి పూడిన ఊరు

ఔవర్‌కెర్క్ నెదర్లాండ్స్ నైరుతి మూలన, జీలాండ్ ప్రాంతంలో ఉన్న చిన్న పల్లె. జనాభా సుమారు 600. ఊరి పేరుకు ‘పాత చర్చి’ అని అర్థం. 1953 వరదలో తెగిన సముద్రపు కట్టల్లో అన్నిటికన్నా ఆఖరున పూడ్చిన గండి ఈ ఊరి పక్కనే ఉంది. ఇంత చిన్న ఊరు దేశమంతటా తెలియడానికి కారణం అదే.

ఎక్కడుంది?

స్ఖౌవెన్-డైవెలాండ్ అనే దీవిలో, తూర్పు భాగంలో ఉంటుంది. దగ్గరి పట్టణం జీరిక్‌జే. దక్షిణాన ఓస్టర్‌స్ఖెల్డే అనే సముద్రపు పాయ. ఇక్కడి నేల కట్టలు కట్టి సముద్రం నుంచి దక్కించుకున్నది. దాన్ని పోల్డర్ అంటారు. కట్ట లేకపోతే పోటు వచ్చినప్పుడల్లా పొలాలు మునగాల్సిందే. స్ఖౌవెన్, డైవెలాండ్ ఒకప్పుడు వేర్వేరు దీవులు. మధ్యలోని పాయకు 1610లో అడ్డకట్ట వేశాక కలిసిపోయాయి.

పాత చరిత్ర

1575లో, డచ్ వాళ్లు స్పెయిన్ రాజు మీద తిరగబడ్డ కాలంలో, స్పెయిన్ సైనికులు ఆటు సమయం చూసుకుని రాత్రిపూట నీళ్లలో నడిచి డైవెలాండ్‌కు చేరారు. 1944లో జర్మన్ సైన్యం కావాలనే దీవిలోకి నీళ్లు వదిలి, జనాన్ని ఖాళీ చేయించింది. యుద్ధం ముగిశాక జనం తిరిగొచ్చి పొలాలు బాగు చేసుకున్నారు.

1953 వరద

జనవరి 31, శనివారం రాత్రి. పౌర్ణమి పోటుకు వాయవ్యం నుంచి వచ్చిన పెనుగాలి తోడైంది. కట్టల ఎత్తు సరిపోదని ఇంజినీర్ యోహాన్ వాన్ వేన్ అంతకుముందే చెప్పారు. వాతావరణ శాఖ కూడా ఆ సాయంత్రం హెచ్చరించింది. కానీ అర్ధరాత్రికి రేడియో ప్రసారాలు ఆగిపోయాయి, ఊళ్లు నిద్రలో ఉన్నాయి. తెల్లవారేలోపే కట్టలు తెగాయి. ఆదివారం మధ్యాహ్నం రెండో పోటు వచ్చి, ఇళ్ల కప్పుల మీద సాయం కోసం చూస్తున్న వాళ్లను కూడా తీసుకుపోయింది. దేశం మొత్తం 1,836 మంది చనిపోయారు. అందులో 91 మంది ఈ ఒక్క ఊరి వాళ్లు.

గండి ఎలా పూడింది?

నీళ్లు పోటుకు లోపలికి, ఆటుకు బయటికి పరుగెత్తుతూ గండిని రోజురోజుకూ లోతు చేశాయి. మట్టి, రాళ్లు వేస్తే నిలవలేదు. చివరికి రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరాన తాత్కాలిక రేవుల కోసం బ్రిటిష్ వాళ్లు తయారుచేయించిన ఫీనిక్స్ రకం భారీ కాంక్రీటు పెట్టెలను తెచ్చి, గండిలో ముంచారు. నవంబర్ 6 రాత్రి గండి మూతపడింది. అంటే తొమ్మిది నెలలు పట్టింది.

ఆ తర్వాత

ఇలాంటిది మళ్లీ జరగకూడదని ప్రభుత్వం డెల్టా పనులు చేపట్టింది. ఓస్టర్‌స్ఖెల్డే ముఖద్వారాన్ని పూర్తిగా మూసేస్తారనుకుంటే, చేపలు, ఆల్చిప్పల మీద బతికేవాళ్లు, పర్యావరణవాదులు ఒప్పుకోలేదు. దాంతో తుపాను రోజున మాత్రమే దించే 62 గేట్లు పెట్టారు. 1986లో అది ప్రారంభమైంది.

ఔవర్‌కెర్క్‌లోని ఆ కాంక్రీటు పెట్టెల్లోనే వరద మ్యూజియం నడుస్తోంది. అది 2001లో మొదలైంది. చనిపోయిన వాళ్ల పేర్లు అందులో చూపిస్తారు. చాలాకాలం 1,835గా ఉన్న లెక్క తర్వాత ఒకటి పెరిగింది. ఆ రాత్రే పుట్టి, ఆ నీళ్లలోనే పోయిన పసిబిడ్డ అది.