పాము చొక్కా, ఇరుళర్ల కుండ



అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లవాడొకడు కార్న్ స్నేక్ అనే విషం లేని పామును పెంచుతున్నాడు. వచ్చే ఎండాకాలానికి గుడ్లు పెట్టాలని, చలికాలంలో దాన్ని మేత ఆపి రెండు మూడు నెలలు చల్లటి గదిలో ఉంచుతారట. ఆ నడుమనే దాని కళ్లు పాలరంగుకు తిరిగాయి. "తాతయ్యా, కుబుసం విడిచేలా ఉంది. చేత్తో ఒలిచేయనా?" అని ఫోన్ చేశాడు.

ఒలవద్దన్నాను. చలిలో పాము ఒంట్లో ప్రతి పనీ మందగిస్తుంది, కుబుసమూ ఆలస్యమవుతుంది. పెట్టెలో ఒక మూల తడి నాచు, తాగను నీళ్లు ఉంచితే చాలు. కంటి మీది పొరను లాగితే కన్నే దెబ్బతింటుంది. ముక్కలుగా అతుక్కుని మిగిలిపోతే మెల్లమెల్లగా వెచ్చదనానికి తెచ్చి పశువుల డాక్టరుకు చూపించాలి.

నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి. తమిళంలో పాము చట్టై విడిచింది అంటారు, అంటే చొక్కా. మన కుబుసానికి కూడా పాత అర్థం రవికే. ఉత్తర కర్ణాటకలో ఉన్న మనవాళ్లకు కుబుస అంటే రవిక అని చెప్పనక్కరలేదు. చొక్కా విప్పుకోవడం దాని పని, మనం విప్పకూడదు.

విప్పిన కాలం ఒకటి ఉంది. చెన్నై చుట్టుపక్కల ఇరుళర్లు తరతరాలుగా పాములు పట్టడంలో ఆరితేరినవాళ్లు. తోళ్ల వ్యాపారులు వాళ్ల చేత పాములు పట్టించి, లక్షల కొద్దీ తోళ్లను చెప్పులకూ సంచులకూ విదేశాలకు పంపారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వ్యాపారం మూతబడింది. పాము బతికింది గానీ ఇరుళర్ల పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో ఇరుళర్ల సహకార సంఘం పుట్టింది. మహాబలిపురం దారిలో వడనెమ్మెలి దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటినే పట్టి, మట్టికుండలో పెట్టి మూతికి గుడ్డ కడతారు. కొన్ని వారాలు విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళర్లకు పద్మశ్రీ ప్రకటించారు.

నాకు ఎక్కువ నచ్చింది ఒక చిన్న సంగతి. వదిలే ముందు పాము పొట్ట పొలుసు మీద ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తు ఉన్న పామును మళ్లీ పట్టరు. కొన్ని కుబుసాలు విడిచేసరికి అది చెరిగిపోతుంది. అంటే ఆ పాముకు ఎన్నాళ్లు సెలవో దాని ఒంటి చొక్కానే లెక్క చెబుతుంది. ఒకప్పుడు తోలు ఒలవడానికి పాము పట్టిన చేతులే ఇవాళ కుబుసం కోసం కాచుకుంటున్నాయి.

ఇక్కడి మన పిలకాయలకు ఒక మాట. అమెరికా వీడియోలు చూసి ఇంట్లో పెంచుకుందామని మన దేశపు పామును తేవద్దు. అదే 1972 చట్టం కింద అది నేరం. రెండు తలల పాము అదృష్టం తెస్తుందని అమ్మజూపేవాణ్ణి అసలు నమ్మవద్దు.

పాపం, అమెరికా పిల్లవాడు తొమ్మిది రోజులు ఓపిక పట్టాడు. నిన్న ఫోటో పంపాడు. తల నుంచి తోక దాకా ఒక్క చిరుగు లేని కుబుసం.