చెప్పులల్లిన చేతులు, చరిత్ర రాసిన చేతులు



మన పిల్లలకు యుద్ధం సినిమాలంటే ఇష్టం. కత్తులు, గుర్రాలు, కోటలు ఉంటే చాలు, రాత్రంతా మేలుకొని చూస్తారు. చూడొద్దని నేను చెప్పను. చూస్తూ ఏం అడగాలో మాత్రం చెబుతాను. ఈ భాగం దాని గురించే.

పోయిన వారం తాండూరులో, పోటీ పరీక్షలకు చదువుతున్న కొందరు తమ్ముళ్లతో కలిసి ‘రెడ్ క్లిఫ్’ చూశాను. జాన్ వూ తీసిన చైనా సినిమా. మొదటి భాగం 2008లో, రెండోది 2009లో వచ్చాయి. రెండూ కలిపితే నాలుగున్నర గంటల పైమాటే. కథ క్రీ.శ. 208 నాటిది. హాన్ సామ్రాజ్యం కూలిపోతున్న కాలం. చక్రవర్తి పేరుకే ఉన్నాడు, పెత్తనమంతా సేనాని త్సావ్ త్సావ్‌ది. అతను దక్షిణాన్ని కూడా మింగాలని యాంగ్జీ నది మీదికి దండెత్తాడు. దక్షిణాన సున్ చ్వాన్, లియు బెయ్ చేతులు కలిపారు. నిప్పు పడవలు వదిలి అతని ఓడలను తగలబెట్టారు.

మొదట అడగాల్సింది: ఈ లెక్కలు ఎవరు చెప్పారు? త్సావ్ త్సావ్ తన సైన్యం 8 లక్షలని చాటుకున్నాడు. అవతలి సేనాని జౌ యూ అది 2 లక్షల పైచిలుకేనని తేల్చాడు. ఎదిరించినవాళ్లు దాదాపు 50 వేలు. సినిమాలో గడ్డి నింపిన పడవలతో శత్రువు బాణాలనే కొల్లగొట్టుకొచ్చే ఘట్టానికి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈ యుద్ధం గురించి మూడో శతాబ్దపు చరిత్రకారుడు చెన్ షౌ రాసినదాంట్లో ఆ ముచ్చట లేదు. వెయ్యేళ్ల తర్వాత లువో గ్వాన్‌జోంగ్ పేరుతో వచ్చిన నవలలో ఉంది. చెన్ షౌ రాసిన ఇంకో సంగతి రోగం. ఉత్తరాది సైనికులు జబ్బుపడి పిట్టల్లా రాలిపోయారు. గుర్రాలెక్కడం వచ్చిన వాళ్లకు నది కొత్త. నదిని ఎరిగినవాళ్లు గెలిచారు. నిప్పు పడవలు నడిపించిన నాయకుడు హ్వాంగ్ గయ్ పేరు మిగిలింది. తెడ్లు వేసినవాళ్ల పేర్లు మిగల్లేదు.

సినిమాలో ఒకచోట లియు బెయ్ కూర్చుని గడ్డి చెప్పులు అల్లుతుంటాడు. అది డైరెక్టర్ కల్పన కాదు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లితో కలిసి చెప్పులు అమ్మి, చాపలు అల్లి బతికాడని చెన్ షౌ రాశాడు. ఆ మనిషే 221లో షు రాజ్యానికి చక్రవర్తి అయ్యాడు.

అక్కడ ఒక తమ్ముడు సినిమా ఆపి అడిగాడు: “అన్నా, మన దగ్గర చెప్పులు కుట్టెటోడు ఎవరన్న రాజయిండా?” వాళ్ల తాత చెప్పులు కుట్టాడు. తండ్రి నాపరాయి గనిలో పని చేస్తున్నాడు. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందుగా, లియు బెయ్‌ని చూసి తొందరపడి సంబరపడొద్దు. హాన్ రాజవంశపు రక్తం తనదని చెప్పుకుంటూనే అతనూ సింహాసనం ఎక్కాడు. మన దగ్గర 1674లో శివాజీ పట్టాభిషేకానికి గాగాభట్టు వచ్చి ఆయన క్షత్రియుడేనని తేల్చాల్సి వచ్చింది. కత్తితో గెలిచినోళ్లను కూడా పుట్టుక అడిగారు. అయినా ఒక తేడా ఉంది. చైనాలో చెప్పులు అమ్మడం ఒక పేదవాడి బతుకుతెరువు. దాన్ని దాటాక రాజు చరిత్రలో ఒక వాక్యంగా మిగిలింది. ఇక్కడ తోలు పని పుట్టుకకు అంటగట్టిన కులం. జీను, కళ్లెం, డాలు, డప్పు, కత్తి ఒర అన్నిటికీ తోలు కావాలి. తోలు లేని దండు లేదు. ఆ తోలును పదును పెట్టినవాడిని మాత్రం ఊరి బయట నిలబెట్టారు.

ఇక యుద్ధం చేసినవాళ్ల సంగతి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం మన తెలుగువాళ్ల మహాయుద్ధం. అందులో బ్రహ్మనాయుడి సేనాని మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు అన్ని కులాలను ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కథ అందరికీ తెలుసు. ఈ కథను తరతరాలుగా కాపాడినవాళ్లలో మాల గాయకులున్నారు. జీన్ రోగైర్ 1982లో ఇంగ్లిష్‌లో అచ్చువేసిన పల్నాటి వీరుల కథ అలిశెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడినదే.

సర్వాయి పాపన్నను చూడండి. కల్లు గీసే కులంలో పుట్టి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టాడు. పారసీలో రాసిన ఖాఫీఖాన్‌కు అతను దోపిడీ దొంగ. జనం పాటలో వీరుడు. ఒకే మనిషి, కాగితం ఒకరి చేతిలో ఉంది, పాట ఇంకొకరి గొంతులో ఉంది.

పేరు రాసి పెట్టడంలో ఎంత బలముందో కోరేగావ్ చెబుతుంది. 1818 జనవరి 1న అక్కడ పీష్వా సైన్యంతో కుంపిణీ దళం పోరాడింది. కుంపిణీ తన గెలుపు కోసమే స్తంభం నిలబెట్టింది, మన కోసం కాదు. కానీ చనిపోయిన సిపాయిల పేర్లు రాతిలో చెక్కింది. వాటిలో 22 మహర్ల పేర్లు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టే ఆ రాయి మనదైంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. వికారాబాద్ పేరు పైగా ప్రభువు వికారుల్ ఉమ్రాది. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా 1874లో నడిచిన రైలు వికారాబాద్, తాండూరు మీదుగానే పోయింది. కట్ట పోసినవాళ్లు, కంకర కొట్టినవాళ్లు ఎవరో మనం చెప్పలేం. తాండూరు బండలు ఎన్ని ఊళ్లలో ఎందరి ఇళ్లలో పరిచి ఉన్నాయో. ఆ బండ తీసినవాడి పేరు ఏ బండ మీదా ఉండదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊళ్లో చిందోళ్లు, డక్కలోళ్లు, బైండ్లోళ్లు ఉంటే వెళ్లి వాళ్ల ముందు కూర్చోండి. గనుల్లో పనిచేసిన ముసలివాళ్లను పలకరించండి. అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి. పాటలో ఉన్నదంతా జరిగిందని రాయకండి. కాగితంలో ఉన్నదంతా నిజమని నమ్మకండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు నా ఒక్కడి దగ్గర లేదు. మీరు తెచ్చే పేర్లలో ఉంటుంది.

జై భీమ్.