వల వెంట వ్యాధి వలస
ఎండిన వలే చెరువుకు రక్ష

శామీర్‌పేట, మేడ్చల్: ఒక చెరువులో పట్టు ముగించిన వలను ఆరకముందే మరో చెరువులో దించడం మత్స్యకారులకు మామూలే. ఆ తడిలోనే, వల కళ్లకు అంటిన బురదలోనే చేపల వ్యాధులు ఊరు దాటుతాయి. వలలను శుభ్రపరచి ఎండబెట్టడం ఖర్చులేని పని. అయినా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నదీ అదే.

ఏడాది కష్టం ఒకే పట్టుపై

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో చెరువులను నమ్ముకున్న గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలకు ఏటా వచ్చే ఆదాయం ప్రధానంగా ఒక్క పట్టు నుంచే. వానాకాలంలో వదిలిన బొచ్చె, రవ్వ, మోసు పిల్లలు వేసవి నాటికి అమ్మకానికి ఎదుగుతాయి. నడుమ చలికాలంలో రోగం సోకితే సంఘం సభ్యులందరి శ్రమ నీటిపాలవుతుంది.

నీరు చల్లబడినప్పుడు విజృంభించే వాటిలో ఈయూఎస్‌గా పిలిచే పుండ్ల వ్యాధి ముఖ్యమైనది. అఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అనే బూజు వంటి సూక్ష్మజీవి దీనికి మూలం. చేప ఒంటిపై మొదట ఎర్రమచ్చలు కనిపించి, క్రమంగా లోతైన పుండ్లుగా మారతాయి. 1971లో జపాన్‌లో గుర్తించిన ఈ వ్యాధి 1988లో మన దేశ ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడి, కొద్ది ఏళ్లలోనే ఇతర ప్రాంతాలకు పాకింది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకు ఇది త్వరగా సోకుతుంది. బంగారుతీగ మాత్రం చాలావరకు తట్టుకుంటుంది. కనుక బంగారుతీగ ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన ఆ చెరువులో రోగం లేదని భావించరాదు.

కంటికి కనిపించే మరో శత్రువు చేప పేను. చర్మానికి అంటుకొని రక్తం పీల్చే ఈ జీవి రాళ్లు, కర్రలు వంటి గట్టి వస్తువులపై గుడ్లు పెడుతుంది. తడిసిన పరికరాలతో పాటు పేను, దాని గుడ్లు వేరే చెరువుకు చేరే ప్రమాదముంది.

మందు కంటే జాగ్రత్త మేలు

పుండ్ల వ్యాధి నివారణకు భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పెంపక సంస్థ సిఫాక్స్ అనే మందును రూపొందించింది. హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతున్న నీటికి ఒక లీటరు చొప్పున దీనిని వాడతారు. చిన్న గుంటలకు ఇది సాధ్యమే. విశాలమైన ఊరి చెరువుకు లెక్కిస్తే ఆ ఖర్చు సంఘం భరించగలిగేది కాదు. అందుచేత రోగం రాకుండా చూసుకోవడమే మార్గం.

పాటించవలసిన పద్ధతి

* పట్టు ముగియగానే వలను గట్టుపై దులిపి నాచు, బురద, చేప పొలుసులు, గుర్రపుడెక్క ముక్కలను తొలగించాలి. మురికి ఉంటే మందు పనిచేయదు.
* చెరువుకు దూరంగా, మంచినీటితో కడగాలి.
* లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, అరగంట నానబెట్టాలి. పాతబడిన పౌడర్‌కు శక్తి తగ్గుతుంది.
* ఆ వెంటనే మంచినీటితో జాడించాలి. లేకుంటే నైలాన్ దారం బలహీనపడుతుంది.
* మడతలు విప్పి రెండు రోజులు పూర్తిగా ఎండనివ్వాలి. ఎండిన తరువాత నీడలో భద్రపరచాలి.
* తెప్పలు, తట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు, చెప్పులకూ ఇదే వర్తిస్తుంది.
* బ్లీచింగ్ కలిపేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ధరించాలి. వాడిన నీటిని చెరువులో పారబోయరాదు. క్లోరిన్ చేపలను చంపుతుంది.

చనిపోయిన చేపలను చెరువులోనే వదలక, దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

విదేశాల్లో సైతం

నార్వేలో గైరోడాక్టిలస్ అనే పరాన్నజీవి 1970వ దశకం నుంచి నదుల్లోని సాల్మన్ చేపలను తుడిచిపెట్టింది. ఒక నది నుంచి మరో నదికి వెళ్లే గాలపు వేటగాళ్లు తమ సామగ్రిని శుద్ధి చేసుకోవాలన్న నియమం అక్కడ అమల్లో ఉంది. బ్రిటన్‌లో 2011 నుంచి ‘చూడు, కడుగు, ఆరబెట్టు’ పేరిట ప్రచారం సాగుతోంది.

అన్నింటికీ వల కారణం కాదు

గొలుసుకట్టు చెరువుల్లో అలుగు పారితే రోగం నీటితో పాటే దిగువకు వెళుతుంది. దానిని వల శుద్ధి ఆపలేదు. అయితే ఎగువ చెరువుకు, వేరే వాగు కిందనున్న చెరువుకు రోగాన్ని మోసుకెళ్లేది మనుషులే. రోగం ఉన్న పిల్లలను తెచ్చి వదిలినా నష్టం తప్పదు.

చేపల మరణాలన్నీ రోగం వల్లనే సంభవించవు. 2017 అక్టోబరులో శామీర్‌పేట చెరువులో పెద్దసంఖ్యలో చేపలు చనిపోయి తేలినప్పుడు కాలుష్యంపైనే అనుమానాలు వ్యక్తమయ్యాయి. ఒంటిపై పుండ్లు లేకుండా, అన్ని రకాల చేపలూ ఒకేసారి తేలితే నీటిలో ప్రాణవాయువు తగ్గడాన్ని లేదా వ్యర్థజలాలను అనుమానించాలి. ఏదైనా సరే వెంటనే జిల్లా మత్స్యశాఖ అధికారులకు తెలిపి నీటిని, చేపలను పరీక్షింపజేయాలి.

సంఘం తీర్మానమే కీలకం

ఒక్కరు పాటించి పదిమంది విస్మరిస్తే ఫలితం ఉండదు. ఏ చెరువుకు ఆ చెరువుకే ప్రత్యేకంగా వలలు ఉంచుకోవడం ఉత్తమం. అది వీలుకానిచోట బయటి నుంచి వచ్చే అద్దె వలలు ఎండి ఉంటేనే నీటిలో దించనివ్వాలని మత్స్య సహకార సంఘాలు సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకోవచ్చు. రెండు రోజులు ఆగడం వల్ల పట్టు కొంత ఆలస్యమైనా, ఏడాది పంట దక్కుతుంది.