లక్కలోని రాగం

లక్క అన్న మాట వినగానే ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్తువు తోస్తుంది. భారతం విన్నవాళ్లకు పాండవులను కాల్చడానికి కట్టిన ఇల్లు, కంసాలికి బోలు గుండ్లలో నింపే ముద్ద, కచేరీలో పనిచేసినవాళ్లకు కట్టల మీద వేసే సీలు, లాడ్‌బజార్ వెళ్లొచ్చిన ఆడపడుచులకు గాజులు. పాత గ్రామఫోను ప్లేట్లు దాచుకొనేవాళ్లకు మాత్రం లక్క అంటే పాట. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటును పట్టి ఉంచింది ఈ జిగురే.

లక్క పురుగు మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మల మీద గుంపుగా చేరి రసం పీలుస్తుంది. తన చుట్టూ ఒక జిగురు కారుస్తుంది. అదే లక్క. మోదుగను గురించి కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. దాని ఆకు విస్తరవుతుంది, పువ్వు కాముని పున్నానికి రంగవుతుంది. ఆ చెట్టు మీద బతికే పురుగు కూడా రంగునే దాచుకొంటుంది. గీకి తెచ్చిన లక్కను దంచి కడిగితే నీళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపే లత్తుక, ఆడవాళ్ల పాదాలకు పారాణి. రంగు పోయాక మిగిలిన జిగురును కరిగించి, పలచని రేకులుగా సాగదీసి అమ్మేవారు. గ్రామఫోను కంపెనీలకు కావలసింది ఆ రేకులే. 1908లో కలకత్తా సియాల్దాలో తెరిచిన రికార్డుల కర్మాగారంలోనూ ఇదే ముడిసరుకు. లక్కకు రాతిపొడి, నూలు పీచు కలిపి, నలుపు కోసం మసి చేర్చి అచ్చు వేసేవారు. ఎర్రగా పుట్టిన పదార్థం ఎరుపునంతా కడిగించుకొని, నల్లబడి మన ఇళ్లకు వచ్చిందన్నమాట.

వస్తువు వదులుకొన్న రంగును మాట వదులుకోలేదు. అథర్వవేదంలో లాక్షను కొనియాడే సూక్తం ఉంది. ఆ లాక్షే ప్రాకృతంలో లక్ఖా అయి, తెలుగులో లక్క అయింది, హిందీలో లాఖ్ అయింది. సముద్రం దాటి ఇంగ్లీషులో లాక్ అయింది. రేకు లక్క షెల్లాక్ అయింది. చిత్రకారులు వాడే ఒక రకం ఎర్రరంగులకు ఇంగ్లీషులో లేక్ అని పేరు. చెరువుతో దానికి సంబంధం లేదు, అది కూడా మన లక్కే. లాక్ష అన్న మాటకు మూలం రంగు వేయడమనే అర్థమున్న ‘రంజ్’ ధాతువు కావచ్చునని నిఘంటుకారులు కొందరు ఊహించారు.

రెండో ప్రపంచయుద్ధం లక్కకు కరువు తెచ్చింది. 1942లో అమెరికా దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. యుద్ధం ముగిశాక వినైల్ అనే ప్లాస్టిక్ ఆ చోటును ఆక్రమించింది. ఆ పేరులో ఉన్నది ద్రాక్షసారాయికి లాటిన్ మాట ‘వీనుం’. తెలుగు చెవికి మాత్రం అందులో ‘విను’ వినిపిస్తుంది. పుట్టుక వేరైనా ఆ పోలిక నాకు ఇష్టం. వినైల్‌కు సహజంగా నలుపు లేదు, మసి కలిపితేనే నల్లబడుతుంది. ఆ మసి మానేసి ఏ రంగు కలిపితే ఆ రంగు తేలుతుంది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ 45 చుట్ల రికార్డులను తెచ్చినప్పుడు సంగీతం తీరును బట్టి రంగు పెట్టింది: శాస్త్రీయానికి ఎరుపు, పల్లెపాటలకు పచ్చ, పిల్లల పాటలకు పసుపు. లక్క కడిగేసుకొన్న రంగు అలా రికార్డులోకి తిరిగివచ్చింది.

ఇవాళ ఆ రంగులను ప్రాణంగా చూసుకొనేవాళ్లలో హెవీ మెటల్ అభిమానులు ముందుంటారు. 1970లో తొలి ఆల్బమ్ తెచ్చిన హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బత్ తన పేరులోనే నలుపును పెట్టుకొంది. అలాంటి ఉరుము సంగీతానికి నెత్తుటి ఎరుపు, పొగ బూడిద, చిందులు చల్లిన మచ్చల ప్లేట్లు వెతుక్కొని, ఒకే ఆల్బమ్‌ను నాలుగు రంగుల్లో కొనుక్కొనేవాళ్లున్నారు. పాట ఒకటే కదా, రంగుకు అంత ధర ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు.

ఆ ప్రశ్నకు మన భాష ఎప్పుడో జవాబు చెప్పి పెట్టింది. ‘రంజ్’ నుంచి వచ్చిన రాగం అన్న మాటకు మొదటి అర్థం రంగు, ముఖ్యంగా ఎరుపు. ఆ తర్వాతే అది ప్రేమ అయింది, పాట అయింది. అనురాగమంటే ఒకరి రంగు మరొకరికి అంటుకోవడం. మంచిర్యాలలోనైనా మాంచెస్టర్‌లోనైనా ఒక బృందాన్ని ఏళ్ల తరబడి ప్రేమించినవాడికి జరిగేది అదే. పాటకు రంగు పూయడం ఆడంబరమని నేననుకోను. ఒకే వేరు నుంచి పుట్టి విడిపోయిన రెండు అర్థాలు అక్కడ కలుసుకొంటున్నాయి.

అదే వేరుకు ఇంకో కొమ్మ ఉంది: రక్తి. హనుమాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథ చెబుతుంటే రక్తి కట్టిందని వేములవాడ చుట్టుపక్కల జనం అనేవారంటే, ఆ మాట కథకుడికి ఎంత చెందుతుందో కూర్చుని విన్నవాళ్లకూ అంతే చెందుతుంది. వినేవాడు లేనిదే రక్తి లేదు. కాబట్టి రంగు రికార్డులు సేకరించేవాళ్లను నేను కోరేది ఒక్కటే. సీలు విప్పండి, ముల్లు ఆనించండి, పక్కవాళ్లను పిలిచి వినిపించండి. అల్మారాలో దాచిన ప్లేటుకు రంగు మాత్రమే ఉంటుంది. రాగం కావాలంటే అది తిరగాలి.