దవడ కీలు చికిత్స: వ్యాయామం, ఆర్థ్రోసెంటెసిస్

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే కదిలేది దవడ కీలు. లోపల మెత్తని పళ్లెంలాంటి డిస్క్ ఉంటుంది. అది ముందుకు జారి ఇరుక్కుంటే, మామూలుగా 40 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకునే నోరు మధ్యలోనే ఆగిపోతుంది. ముద్ద పెట్టుకోవడమూ కష్టమే.

మొదట మెత్తటి తిండి, వేడి కాపడం, వ్యాయామం. నాలుక కొనను అంగిలికి ఆనించి, గడ్డం పక్కకు జారకుండా అద్దంలో చూసుకుంటూ మెల్లగా నోరు తెరవాలి. తేలికే, కానీ రోజూ మానకుండా చేయడమే కష్టం.

అప్పటికీ తగ్గకపోతే ఆర్థ్రోసెంటెసిస్. 1991లో నిట్జాన్, డోల్విక్, మార్టినెజ్ దీన్ని వివరించారు. మత్తిచ్చి కీలు పైగదిలోకి రెండు సూదులు దింపుతారు; ఒకదానిలో ఎక్కించిన సెలైన్ రెండోదానిలోంచి బయటికొస్తూ వాపు పుట్టించే పదార్థాలను కడిగేస్తుంది. విచిత్రమేమంటే, డిస్క్ తన చోటికి రాకపోయినా చాలామందికి నోరు తెరుచుకుంటుంది.