పగడం

‘ప్రవాళం’ అనే సంస్కృత పదం ప్రాకృతం మీదుగా వచ్చి మనకు పవడం, పగడం అయింది, కన్నడిగులకు హవళం. సంస్కృతంలో ఆ మాటకు లేత చిగురనే అర్థమూ ఉంది. ఐరోపా పండితులూ చాలాకాలం పగడాన్ని మొక్కగానే లెక్కగట్టారు. కొమ్మల మీది ‘పూలు’ జంతువులని 18వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పేసొనెల్ తేల్చాడు. ముట్టుకుంటే ముడుచుకుపోయే ఆ తెల్లటి ప్రాణులకు ఎనిమిదేసి మీసాలు, వాటి నిండా కుట్టే కణాలు. జెల్లీఫిష్‌లదీ ఇదే వంశం. ఉంగరంలో పొదిగే ఎర్రపగడం ఈ జీవుల గుంపు కట్టుకున్న సున్నపు అస్థిపంజరం. మధ్యధరా సముద్రపు మసక వెలుతురులో అది ఏడాదికి మిల్లీమీటరు మందం కూడా పెరగదు. కుజుడి కోసం పగడం కొనేవాళ్లు అది పెరగడానికి పట్టిన కాలాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.